వార్చిన నీళ్ళు

అక్కకి నా కిడ్నీ ఇవ్వాలని తేలిన రోజుల్లో నేను తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. పొద్దస్తమానం ముఖం తెలియని వాళ్ళతో మర్యాదగా మాట్లాడీ మాట్లాడీ, ఇంటికొచ్చేసరికి నా దగ్గరున్న మర్యాదంతా ఖర్చయిపోయేది. నా నోటికి జడవని వాళ్ళు మా బంధువుల్లో ఇద్దరే ఉండేవారు. ఒకరు మా ఆయన. ఆయనకి ఎలాగూ సగం వినపడదు. రెండోది మా అక్క.

అది డెబ్బైల నాటి మాట. అక్క బాపట్లలో ఉండేది. బావ అక్కడి వ్యవసాయ కళాశాలలో గుమాస్తా. అరవైల చివర్లో ఒక కాన్పు పోయినప్పటి నుంచి అక్కకి పొద్దున్న లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు కనిపించేది. సాయంత్రానికి కాళ్ళకి నీరు దిగేది. దాన్ని జబ్బని ఎవరూ అనుకోలేదు. నీరసమని ఒకరు, పైత్యమని ఒకరు, ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టి, ఎవరికి తెలిసిన కషాయం వాళ్ళు తాగించారు. ఏళ్ళు గడిచాక వాంతులు పట్టుకున్నాయి. ఒళ్ళంతా దురద. రాత్రీ పగలూ గోకి గోకి చేతులు పుండ్లు చేసుకునేది. గుంటూరులో రక్తం పరీక్ష చేసి, రెండు మూత్రపిండాలూ దాదాపు పనిచేయడం లేదని చెప్పి మద్రాసు పంపించారు.

మద్రాసులో అక్క ముంజేతిలో ఒక సన్నటి గొట్టం అమర్చారు. ఒక కొస ధమనిలో, ఇంకో కొస సిరలో, మధ్యలో గొట్టం వంపు తిరిగి చర్మం పైనే కనిపిస్తూ ఉండేది. అందులోంచి రక్తాన్ని యంత్రంలోకి పంపి, కడిగి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కించేవారు. మొదటిసారి చూసినప్పుడు నేను ముఖం తిప్పుకున్నాను. అక్క మాత్రం ఆ గొట్టం మీద వేలు పెట్టి, "ఇట్టా పెట్టి చూడు, వెచ్చగా ఉంటది. వెచ్చగా ఉన్నన్నాళ్ళూ నేనున్నట్టే" అంది. ఆ మాట నర్సు చెప్పిందట. గొట్టంలో రక్తం గడ్డ కడితే చల్లబడుతుందట.

యంత్రం మీదే బతుకంతా గడపడం ఆ రోజుల్లో మా బోటి వాళ్ళకి అయ్యే పని కాదు. దగ్గరి రక్తసంబంధీకులు ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే ఆపరేషన్ చేస్తామన్నారు. అమ్మకి షుగరుంది కాబట్టి పనికిరాదు. మాకు అన్నదమ్ములు లేరు. నా రక్తం కుదిరింది. మా అత్తగారు విషయం తెలిసి ఒక పూట అన్నం మానేశారు. మా ఆయన మాత్రం, "ఇవ్వకపోతే జీవితాంతం నా మీద అరుస్తావు, ఇచ్చెయ్" అన్నారు. అంతకంటే మంచి మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు.

అయితే ఆపరేషన్ వెంటనే కాదు. అక్క ఒళ్ళు కాస్త తేరుకోవాలి. అప్పటిదాకా కొన్ని వారాలు ఇంట్లో ఉంచి, మందులతో, పత్యంతో నెట్టుకురావాలి. మద్రాసు డాక్టరుగారు నన్నూ బావనీ కూర్చోబెట్టి, తమిళం యాస తెలుగులో, చాలా ఓపిగ్గా చెప్పారు.

"ఉప్పు తగ్గించాలి, నీళ్ళు తగ్గించాలి, అది అందరూ చెప్తారమ్మా. నేను చెప్పేది పొటాషియం గురించి. అది కూడా ఒక లవణమే, కానీ ఉప్పగా ఉండదు. కొబ్బరినీళ్ళలో ఉంటుంది, అరటిపండులో, బత్తాయిలో, పప్పులో, కూరల్లో, అన్నిట్లో ఉంటుంది. మనకయితే మూత్రంలో పోతుంది. ఈమెకి పోయే దారి లేదు. ఒంట్లో పెరిగితే గుండె ఆగిపోతుంది. నొప్పి ఉండదు. చెప్పి రాదు."

"మరి ఏం పెట్టాలండి?" అన్నాను.

"కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడకబెట్టి, ఆ నీళ్ళు వార్చి పారబోయండి. మళ్ళీ నీళ్ళు పోసి ఉడకబెట్టి, మళ్ళీ పారబోయండి. అప్పుడు ముక్కలు పెట్టండి. రుచి ఉండదు. ప్రాణం ఉంటుంది."

ఇంకొకటి భాస్వరం. పాలలో, మాంసంలో, పప్పుల్లో ఉంటుందట. అది పెరిగితే ఎముకల్లోని సున్నం కరిగి బయటికి వస్తుందట, దురద అందువల్లేనట. దానికి సుద్ద కలిపిన నీళ్ళలాంటి తెల్లటి మందు ఇచ్చి, ప్రతి ముద్దతోపాటు మింగించమన్నారు. పొటాషియం రోజుల్లో చంపుతుందనీ, భాస్వరం ఏళ్ళ తరబడి చంపుతుందనీ ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అక్కని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నే రాలేదు. అమ్మ రేపల్లె నుంచి కబురు పెట్టింది, తన దగ్గరే ఉండాలని. బావకి ఉద్యోగం, నాకు షిఫ్టులు. మా నాన్న బతికున్నప్పుడు రేపల్లె స్టేషను దగ్గర ఎడ్లబండ్లు తిప్పేవాడు. ఆయన పోయాక కూడా అమ్మ ఒక జత ఎడ్లనీ, ఒక బండినీ అమ్మలేదు. బాడుగకి ఇచ్చేది. అరవై దాటినా తెల్లారకముందే లేచి చావిడి ఊడ్చి, ఎడ్లకి ఉలవలు పొయ్యి మీద పడేసేది. అక్కని చూసుకోవడానికి అంతకంటే గట్టి మనిషి మా ఇళ్ళలో లేదు.

డాక్టరు చెప్పినదంతా అమ్మకి పూసగుచ్చినట్టు చెప్పాను. మూడు సార్లు చెప్పాను. పొటాషియం అంటే ఒక రకం ఉప్పని చెప్పాను. అమ్మ శ్రద్ధగా వింది. "వండేది నేనా, నువ్వా? తెలిసిందిలేవే" అంది. అక్క కోసం విడిగా కొత్త గిన్నెలు తెప్పించింది. ఉప్పుడబ్బా ఎత్తి గూట్లో పైకి పెట్టేసింది. ఇంట్లో ఎవరైనా సరే, అక్క తినేదాకా ఉప్పు వేసుకోకూడదని శాసించింది. అక్క రోజుకి తాగాల్సిన నీళ్ళు పొద్దున్నే ఒక చెంబులో పోసి పక్కన పెట్టేది. ఆ చెంబు అయిపోతే, అక్క ఎంత బతిమాలినా, కళ్ళనీళ్ళు పెట్టుకున్నా, చుక్క ఎక్కువ ఇచ్చేది కాదు. చెంబు ఇవతల అమ్మ కూర్చుని తనూ ఏడ్చేది.

నేను వారాంతపు సెలవుకీ, షిఫ్టు మార్చుకోవడం కుదిరినప్పుడూ తెనాలి నుంచి పాసింజరు ఎక్కి వచ్చేదాన్ని.  స్టేషను నుంచి ఇంటికి నడుస్తూ ఎవరి ముఖమైనా జాలిగా నా వైపు తిరిగిందా అని చూసుకునేదాన్ని. ఇంట్లో అడుగు పెట్టగానే ముందు అక్క ముంజేయి పట్టుకుని గొట్టం వెచ్చగా ఉందో లేదో చూసేదాన్ని. ఆ తర్వాతే చెప్పులు విడిచేదాన్ని.

అసలు గొడవ పరామర్శకి వచ్చే వాళ్ళతో. మా వైపు జబ్బు మనిషిని చూడటానికి ఉత్తచేతులతో ఎవరూ రారు. సంచీడు బత్తాయిలు, అరటిపళ్ళ అత్తం, అదీ కాకపోతే కొబ్బరి బోండాలు. కిడ్నీ జబ్బంటే బోండాలే. ఒంట్లో వేడి తీసేస్తాయి, మూత్రం జారీ చేస్తాయి, అందరికీ తెలిసిన సంగతేనాయె. నేనున్న రోజు వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని.

అమృతలూరు నుంచి మా పిన్ని వచ్చింది, మనిషి చేత బోండాల గెల మోయించుకుని. "పిన్నీ, అవి బయటే ఉంచు" అన్నాను.

"ఏంటే ఇది? కోర్టు బంట్రోతులాగా గుమ్మంలో కూర్చున్నావు?"

"అక్క ఇవి తాగితే చచ్చిపోద్ది పిన్నీ. డాక్టరు చెప్పాడు."

"కొబ్బరినీళ్ళు తాగి ఎవరన్నా చచ్చారటే? పసిపిల్లలకి పడతాం. ఏం డాక్టరమ్మా, నీళ్ళు కూడా విషమంటాడా?" పిన్ని గొంతు పెంచింది. నేనూ పెంచాను. చివరికి ఆ గెల తీసుకెళ్ళి వీధిలో పిన్ని వచ్చిన బండి మీదికి నేనే విసిరేశాను. పిన్ని కళ్ళు తుడుచుకుంటూ అక్కని దూరం నుంచే చూసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయింది. అక్క బతికితే చాలు, ఎవరి మాటా నాకు అక్కర్లేదని అప్పుడు నిజంగా అనుకున్నాను.

కానీ నేను అన్ని దారులూ కాపలా కాస్తున్నా అక్క తేరుకోలేదు. మొదటి వారం బాగానే ఉంది. ఆ తర్వాత నేను వచ్చినప్పుడల్లా కాళ్ళు బరువుగా ఉన్నాయనేది. మెట్టు దిగేటప్పుడు తడబడింది. పెదాల చుట్టూ చీమలు పాకినట్టు ఉందంది. నాకు అనుమానం మొదలైంది. నేను లేని రోజుల్లో ఎవరో ఏదో పెడుతున్నారు. పక్కింటావిడ మీద అనుమానం, పాలవాడి మీద అనుమానం. అక్క మంచం కింద, తలగడ కింద వెతికాను. అరటితొక్క అయినా దొరుకుతుందేమోనని పెరట్లో పెంటకుప్ప కూడా కెలికాను. ఏమీ దొరకలేదు.

"ఎవరన్నా ఏమన్నా పెట్టారా అక్కా? నిజం చెప్పు" అంటే, "అమ్మ పెట్టిందే తింటున్నానే. ఇంకేం తిననిస్తారు మీరు?" అనేది.

అమ్మని అడిగితే కస్సుమంది. "నా కూతురికి నేను విషం పెడతానా? చూడు, ముక్కలు చూడు, రెండు సార్లు ఉడకబెట్టి వార్చాను, పీచు తప్ప ఏమీ లేదు." గిన్నె మూత తీసి చూపించింది. నిజమే. వెలిసిపోయిన సొరకాయ ముక్కలు, పాలిపోయిన బీరకాయ ముక్కలు. ఒకటి నోట్లో వేసుకుని చూశాను. తడిపిన దూది తిన్నట్టుంది.

ఆ తర్వాతి సెలవు రోజు పొద్దున్న, నేను అక్కడే ఉండగా అక్క పెరట్లోకి వెళ్ళాలని మంచం మీంచి లేవబోయింది. లేవలేకపోయింది. "కాళ్ళు నావి కానట్టున్నాయే" అంది నెమ్మదిగా. భయపడుతున్నట్టు కూడా లేదు. మణికట్టు పట్టుకున్నాను. నాడి కొట్టుకుంటోంది, ఆగుతోంది, మళ్ళీ కొట్టుకుంటోంది. 

అమ్మని కేకేసి అక్క దగ్గర కూర్చోబెట్టి, వీధి చివర డాక్టరుగారి దగ్గరికి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. ఆయన వచ్చి స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. ఇలాంటి రోగిని అంతకుముందు చూడలేదని దాచుకోకుండా చెప్పారు. మద్రాసు డాక్టరుగారు చెప్పిన మాట నాకు గుర్తుంది. ఇలా జరిగితే ముందు కాల్షియం ఇంజెక్షన్, నరంలోకి, నిదానంగా, అని. ఆ మాట చెప్పాను. ఆయన నా వైపొకసారి చూసి, సంచీలో వెతికి తీశారు. ఒక చేత్తో సూది నెడుతూ, ఇంకో చేత్తో నాడి పట్టుకుని, ఎక్కించినంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నారు. నాడి కాస్త కుదురుకుంది.

"ఇది కొద్దిసేపే ఆపుద్దమ్మా. ఒంట్లో ఉన్నదాన్ని ఇది తియ్యదు. గుంటూరు తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు.

టాక్సీ దొరికింది. వెనక సీట్లో అక్క తల నా ఒడిలో, ముందు సీట్లో పక్కింటాయన. అమ్మని ఎక్కించుకోలేదు, చోటు లేదని కాదు, నేను ఆమెని కూడా చూసుకోలేనని. అమ్మ కారు తలుపు పట్టుకుని వదల్లేదు. "దానికేమన్నా తినిపించండే దారిలో, పొద్దుటినుంచి ఖాళీ కడుపు" అంటోంది. ఆమె వేళ్ళు నేనే విప్పాను.

దారిలో ఒక రైల్వే గేటు పడింది. ఎంత హారను కొట్టినా గేటు తీయలేదు. గూడ్సు బండి వస్తోందట. బండి రాదు, గేటు లేవదు. పక్కన గడ్డిమోపుల బండి, సైకిళ్ళు, బీడీ కాల్చుకుంటున్న మనుషులు. నేను అక్క మణికట్టు వదల్లేదు. నాడి మళ్ళీ ఆగి ఆగి కొట్టుకుంటోంది. "అక్కా, మాట్లాడు" అంటే, "ఏం మాట్లాడనే?" అంది. "ఏదో ఒకటి. నన్ను తిట్టు" అన్నాను. "ఎన్నని తిట్టను" అని కళ్ళు మూసుకుంది. టాక్సీ దిగి గేటు మనిషి మీద విరుచుకుపడ్డాను. అతను పాపం చేతులు జోడించి, "అమ్మా, లైను మీదికి బండొచ్చేసింది, నేను తీస్తే అందరం పోతాం" అన్నాడు. గూడ్సు పెట్టెలు ఒక్కొక్కటే దాటుతుంటే నేను రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. ఆ ఏడుపు కోపంతో వచ్చిందో, భయంతో వచ్చిందో నాకే తెలియలేదు.

గుంటూరు ఆసుపత్రిలో ఈసీజీ తీసి ఆ కాగితప్పట్టీ చూడగానే డాక్టర్లు పరుగులు పెట్టారు. మళ్ళీ కాల్షియం, గ్లూకోజు, అందులో ఇన్సులిన్. యంత్రం అక్కడ లేదు. కడుపులోకి గొట్టం దింపి, సీసాల్లోని మందునీళ్ళు నింపి, కాసేపుంచి, బయటికి తీసి, మళ్ళీ నింపారు. అదొక రకం డయాలసిస్ అట. మర్నాటికి అక్క కాళ్ళు కదిలించింది. పెద్ద డాక్టరుగారు వచ్చి, పొటాషియం ఎంత పెరిగిందో చెప్పి, "బతకడం మీ అదృష్టం. ఏం తిందమ్మా ఈవిడ?" అని అడిగారు.

నేను అన్నీ ఏకరువు పెట్టాను. బోండాలు లేవు, పళ్ళు లేవు, పప్పు లేదు, కూరలు రెండు సార్లు వార్చినవే.

"వార్చిన నీళ్ళు?"

"పారబోస్తున్నామండి."

అక్క ముఖం గోడవైపు తిప్పుకుంది. డాక్టరుగారు గమనించలేదు, నేను గమనించాను. ఆయన వెళ్ళేదాకా ఆగి, మంచం అంచున కూర్చున్నాను. అక్క గోడవైపే చూస్తూ చెప్పింది.

"అమ్మ ఆ నీళ్ళు పారబోయట్లేదే. చారు కాస్తంది."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు.  ఎడ్లకి ఉలవలు ఉడికించే ఇంట్లో పుట్టినవాళ్ళం మేం. ఉడికిన గుగ్గిళ్ళు ఎడ్లకి, ఆ నీళ్ళు మరిగించి కాచిన ఉలవచారు మనుషులకి. కందిపప్పు ఉడికాక పైన తేరిన కట్టుతో చారు పెట్టుకునేవాళ్ళం. గింజలోనైనా, కూరలోనైనా బలమంతా ఆ నీళ్ళలోకి దిగుతుందని, దాన్ని పారబోసేది బుద్ధిలేని ఆడదని అమ్మ చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చింది, మాకూ చెబుతూ వచ్చింది. డాక్టరు వార్చమన్నాడు, వార్చింది. ముక్కలు పెట్టమన్నాడు, పెట్టింది. కానీ పీచు తిని మనిషి ఎలా లేస్తుంది? అందుకని రెండుసార్లు వార్చిన నీళ్ళూ, ఇంట్లో మిగతా వాళ్ళ కూరలు ఉడికిన నీళ్ళూ, పప్పు కట్టూ, అప్పుడప్పుడు ఉలవల నీళ్ళూ అన్నీ కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా మరిగించి, చింతపండు పిండి, వెల్లుల్లి దంచి వేసి, గ్లాసుడు చారు చేసి ఇచ్చింది. ఉప్పు వెయ్యలేదు. ఆ గ్లాసుడూ చెంబులో నీళ్ళలోంచి తగ్గించింది కూడా. డాక్టరు చెప్పిన ఏ మాటా ఆమె లెక్కలో దాటలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతు వార్డంతా వినపడిందేమో, నర్సు తొంగి చూసింది.

"చెబితే నువ్వు అమ్మని బతకనిచ్చేదానివా?"

"నీకు తెలుసా, అవి ఆ నీళ్ళని?"

"మొదట తెలీదు. తర్వాత వంటింట్లో చూశాను."

"చూసి కూడా తాగావా?"

 "నోటికి రుచి తగిలేది అదొక్కటేనే. అదీగాక నేను తాగేటప్పుడు అమ్మ ముఖం నువ్వు చూడలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నా పెదాల వంకే చూసేది. కొంచెమేగా, ఏమైపోద్దిలే అనుకున్నా."

నేను లేచి నిలబడ్డాను. రేపల్లె వెళ్ళి అమ్మని నిలదీయాలని, ఆ పొయ్యి తన్నేయాలని ఉంది. అక్క నా చీర కొంగు పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు, కానీ వదిలించుకోలేకపోయాను.

"అమ్మకి చెప్పకు. నా మీద ఒట్టు. నేను బతికినా, పోయినా సరే. తన చేత్తోనే ఇది జరిగిందని తెలిస్తే అమ్మ ఏమైపోద్ది?"

ఒట్టు వేశాను. మనసులో అక్కని కూడా తిట్టుకుంటూనే వేశాను.

ఆసుపత్రి నుంచి అక్కని రేపల్లె తీసుకెళ్ళలేదు. తెనాలి మా ఇంటికి తెచ్చాను. మద్రాసు రైలు ఇక్కడే ఎక్కొచ్చు, గుంటూరు దగ్గర, అని అమ్మకి చెప్పాను. అదీ నిజమే. అమ్మ సంచీ సర్దుకుని వచ్చేసింది, వంట తను చేస్తానని. వద్దన్నాను. కారణం చెప్పలేదు. నా నోటినుంచి అంతకంటే కష్టమైన మాట ఎప్పుడూ రాలేదు.

"నా చేతి కూడు పనికిరాకుండా పోయిందా?" అంది అమ్మ.

"నీకు ఓపిక లేదమ్మా."

"నాకు ఓపిక లేదా? నాకా?" సంచీ తీసుకుని సాయంత్రం బండికే వెళ్ళిపోయింది. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా చుట్టంలా ముందుగదిలో కూర్చుని, అక్క చెయ్యి పట్టుకుని, "పీల్చి పిప్పి చేస్తన్నారే నిన్ను" అని వెళ్ళేది.

కూరలు రెండుసార్లు వార్చి, ఆ నీళ్ళు నా చేత్తో తూములో పోసేదాన్ని. అక్క తింది. కాళ్ళకి బలం వచ్చింది. బావ బాపట్ల నుంచి రోజూ సాయంత్రం రైలుకి వచ్చి, పొద్దున్నే వెళ్ళేవాడు. ఆపరేషన్‌కి రమ్మని మద్రాసు నుంచి కబురొచ్చింది. నేను ఎక్స్ఛేంజిలో సెలవు పెట్టాను. అక్కా నేనూ పక్కపక్క మంచాల మీద పడుకుని, నా కిడ్నీతోపాటు నా నోరు కూడా తనకొచ్చేస్తుందా అని నవ్వుకున్నాం. 

మద్రాసులో ఆపరేషన్‌కి ముందు ఎక్స్‌రేలు తీశారు. డాక్టరుగారు అక్క చేతి ఎక్స్‌రే వెలుతురుకి పట్టి నాకు చూపించారు. వేళ్ళ ఎముకలు మసకగా, తినేసినట్టున్నాయి. ఎముకల పక్కన, ఏమీ కనిపించకూడని చోట, సన్నటి తెల్లటి గీతలు. అవి రక్తనాళాలట. మామూలుగా ఎక్స్‌రేలో రక్తనాళం కనపడదట.

"ఎముకల్లో ఉండాల్సిన సున్నం వీటి గోడల్లో పేరుకుంది. పొత్తికడుపులో కూడా ఇంతే. కొత్త కిడ్నీని ఆ నాళానికే కుట్టాలి. గట్టిపడిపోయిన నాళానికి కుట్టు నిలవదు" అన్నారు.

ఆయన్ని పక్కకి పిలిచి, ఎవరికీ వినపడకుండా అడిగాను. కొన్ని వారాలు తినకూడనిది తింటే ఇలా అవుతుందా అని. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇది వారాల పని కాదు, ఏళ్ళ పని, జబ్బు ఉందని మీకు తెలియని రోజుల్లోనే మొదలై ఉంటుందన్నారు. నాకు ఊపిరి తేలికైంది. మరుక్షణం ఊపిరి తేలికైనందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. నేనివ్వాలనుకున్న కిడ్నీ నా దగ్గరే ఉండిపోయింది.

చేతి గొట్టంలో రక్తం పదే పదే గడ్డ కట్టింది. ఇంకో చేతికి మార్చారు. అక్కడా నాళం దొరకలేదు. చేయగలిగింది చేశాక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. అక్క తెనాలిలో, మా ముందుగదిలో, ఒక మధ్యాహ్నం పోయింది. అమ్మ పక్కనే ఉంది. బావ గుమ్మంలో ఉన్నాడు.

ఆ రోజునుంచీ అమ్మ ఒకటే మాట. నా దగ్గరున్నన్నాళ్ళూ బాగానే ఉంది, చారు తాగి ముఖాన కళ వచ్చింది, ఇది తీసుకెళ్ళి ఉడకబెట్టిన పీచు పెట్టి చంపేసింది. పెద్దకర్మ రోజు నలుగురిలో అంది. రేపల్లె వీధిలో ఎవరు కనపడినా అంది. బావ నా వైపు చూసేవాడు, ఆయనకీ ఏమీ తెలియదు. ఒకసారి మా ఆయనే, "ఎందుకు ఊరుకుంటున్నావు? నీకు ఒంట్లో బాగుందా?" అని అడిగారు.  పంటి కింద నాలుక కరుచుకుని ఊరుకోవడం ఎలాగో ఆ ఏడాదే నేర్చుకున్నాను.

మరుసటేడు వానాకాలంలో ఒకరోజు రేపల్లెలో అమ్మ దగ్గరున్నాను. వెనకవీధి దర్జీ గారి భార్య వచ్చింది. సాయిబుల ఇంటామె, అమ్మకి బాగా చనువు. వాళ్ళాయనకి కిడ్నీలు చెడిపోయాయట, మద్రాసు నుంచి ముందురోజే తీసుకొచ్చారట. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"అమ్మా, మీరు మీ పెద్దమ్మాయిని చూసుకున్నారుగా. ఏం పెట్టాలో చెప్పండి. డాక్టరు చెప్పింది నాకు సగమే తలకెక్కింది. కూర ఉడకేసి నీళ్ళు పారబోయమన్నాడు."

అమ్మ ఆమెని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "పారబోస్తే మనిషి లేస్తాడా? వినుకో. ఆ నీళ్ళే బలం. ఎత్తిపెట్టుకుని, సన్నసెగ మీద చారు కాచి పట్టు. ఉప్పెయ్యకు. మా పిల్ల నా దగ్గరున్నన్నాళ్ళూ..."

ఆమె శ్రద్ధగా తలూపుతోంది. బయట వాళ్ళ చిన్నపిల్ల చెప్పులు వేసుకోవడానికి తంటాలు పడుతోంది.  అక్క ఇంకా నా చీర కొంగు పట్టుకున్నట్టే ఉంది. అయినా నోరు తెరిచాను.

"అట్టా చెయ్యకమ్మా. ఆ నీళ్ళు పారబొయ్యి. ఒక్క చుక్క కూడా ఆయన నోట్లో పడకూడదు. ఆ చారు తాగే మా అక్క కాళ్ళు పడిపోయాయి. గుండె ఆగిపోబోయింది. గుంటూరు తీసుకెళ్ళింది అందుకే."

అరవలేదు. ఎక్స్ఛేంజిలో మాట్లాడినట్టు, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాను. దర్జీ గారి భార్య నా వంకా అమ్మ వంకా చూసి, లేచి, "వస్తానమ్మా" అని గొణిగి వెళ్ళిపోయింది. పారబోస్తానని గుమ్మం దగ్గర నాతో చెప్పి మరీ వెళ్ళింది.

అమ్మ కూర్చున్నచోటే ఉంది. చాలాసేపు చేతులు చూసుకుంది.

"నా చారు తాగేనా అది పోయింది?"

"కాదమ్మా. పోయింది రక్తనాళాలు గట్టిపడి. అది ఏళ్ళ తరబడి పేరుకుంది. మద్రాసు డాక్టరుని అడిగాను."

"ఆ రోజు టాక్సీలో తీసుకెళ్ళింది?"

"అది చారు వల్లేనమ్మా."

అమ్మ తల ఊపింది. వాన మొదలైంది. వాకిట్లో కట్టేసిన ఎడ్లు తడుస్తున్నా ఆమె లేవలేదు, నేనూ లేవలేదు.

"అక్కకి తెలుసా?" అంది చివరికి. "అవి ఆ నీళ్ళని దానికి తెలుసా?"

గోడవైపు తిరిగిన అక్క ముఖం నాకు కనిపించింది. అమ్మ కళ్ళలోకి సూటిగా చూశాను.

"తెలీదమ్మా."

అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "తెలిస్తే తాగేది కాదులే" అంది.

"తాగేది కాదు" అన్నాను.